హంస కారుకు హేగ్‌లో నీడ

1910లో కలకత్తా వీధుల్లోకి వచ్చిన ఒక మోటారు కారును చూసి జనం బెంబేలెత్తారు. దాని ముందుభాగం హంస మెడ, తల, కళ్లలో విద్యుద్దీపాలు, ముక్కులోంచి ఆవిరి చిమ్మే ఏర్పాటు. కలకత్తాలో స్థిరపడిన ఆంగ్లేయ ధనికుడు రాబర్ట్ నికోల్ మాథ్యూసన్ దీనిని ఇంగ్లండులోని లోవెస్టాఫ్ట్‌లో జె.డబ్ల్యు. బ్రూక్ సంస్థ చేత ప్రత్యేకంగా చేయించుకున్నాడు. దేహంపై బంగారు రేకుతో దిద్దిన తామరపూల నగిషీ, ఇంజను వాయువుతో మోగే బూర, చక్రాలకంటిన ఏనుగు పేడను ఊడ్చే కుంచెలు కూడా అమర్చారు. విలాసానికి హద్దు లేదనడానికి ఇంతకు మించిన ఉదాహరణ అరుదు. పోలీసులు దానిని వీధుల్లో తిరగనివ్వలేదు.

తరువాత ఆ కారు పంజాబులోని నాభా సంస్థానాధీశుల సొంతమై, వారి వద్దనే 70 ఏళ్లకు పైగా ఉంది. 1991లో నెదర్లాండ్స్‌కు చెందిన లౌమన్ మ్యూజియం దానిని సేకరించి పునరుద్ధరింపజేసింది. నేడది హేగ్ నగరంలో ప్రదర్శనలో ఉంది. విదేశీయులు తన్నుకుపోయారని వాపోవడం తేలిక. అయితే ఒక్కటిగా మాత్రమే తయారైన కారుకు విడిభాగాలు ఏ దుకాణంలోనూ దొరకవు. పుచ్చిన కలపను, రాలిన రంగు పొరలను పరిశీలించి తొలి రూపాన్ని పోల్చుకోగల పనివారు కావాలి. వారిని ఏళ్ల తరబడి పోషించే యజమానీ కావాలి.

హైదరాబాదులో నిజాం నాటి 1912 రోల్స్ రాయిస్ చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రజల కళ్లముందే ఉండటం సంతోషదాయకం. కానీ అన్ని కార్లకూ అలాంటి నీడ దొరకదు.

యాభై ఏళ్లు దాటిన వాహనాలకు కేంద్రం 2021లో ప్రత్యేక రిజిస్ట్రేషన్ కల్పించింది. కొత్త నమోదుకు 20,000 రూపాయల రుసుము. నంబరులో 'వీఏ' అక్షరాలు. ఛాసిస్, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పులు జరిగి ఉండరాదన్నది నిబంధన. నకిలీలను అరికట్టడానికి ఇది అవసరమే. మరి చెదలు తిన్న కలప చట్రాన్ని పాత కొలతలతోనే తిరిగి కట్టడం మార్పు కిందికి వస్తుందా, మరమ్మతు కిందికి వస్తుందా? ఈ తేడాను రవాణా అధికారి విచక్షణకు వదిలేయడం సబబు కాదు. కేంద్ర రవాణా శాఖ స్పష్టమైన మార్గదర్శకాలు ఇవ్వాలి. వాటి రూపకల్పనలో పాత బాడీలు కట్టిన మేస్త్రీలకు, వడ్రంగులకు కూడా చోటు కల్పించాలి.