పెద్దకర్మ మర్నాడు ఎవరొస్తారు?

మనిషి పోయిన ఇంట్లో మొదటి పదకొండు రోజులూ ఒంటరిగా ఉండే వీలే ఉండదు. వచ్చేవాళ్లు, వెళ్లేవాళ్లు, వంటవాళ్లు, పురోహితుడు, పరామర్శ ఫోన్లు. పెద్దకర్మ భోజనాలయ్యాక షామియానా విప్పేస్తారు. అద్దె కుర్చీలు లెక్కపెట్టి పంపేస్తారు. కొడుక్కి సెలవు అయిపోతుంది. కూతురికి పిల్లల పరీక్షలుంటాయి. పన్నెండో రోజు సాయంత్రానికి ఆ ఇంట్లో ఒక్క మనిషి మిగులుతుంది. అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది.

మా నాన్న పోయినప్పుడు నేనూ అలా సెలవు అయిపోయి వెళ్లిపోయినవాణ్నే. రోజూ ఫోన్ చేసేవాణ్ని. అన్నం తిన్నావా, బీపీ మాత్ర వేసుకున్నావా అని అడిగితే 'ఆఁ' అనేది అమ్మ. నా బాధ్యత తీరిపోయిందనుకునేవాణ్ని. నెల తర్వాత వెళ్లి చూస్తే డబ్బాలో మాత్రలు సగానికి పైగా అలాగే ఉన్నాయి. దేవుడి గదిలో దీపం లేదు. ఎందుకని అడిగితే, "నలభై ఏళ్లు పెట్టాగా, ఆయన నాకేం చేశాడు?" అంది.

అంత మాట అనకూడదని బంధువులు మందలించారు. నేనూ ఏవో వేదాంతపు మాటలు చెప్పాను. పక్కింటి రిటైర్డ్ టీచరమ్మ మాత్రం, "కోపం తగ్గాక పెడుదువుగాని లేండి వదినా" అని ఊరుకుంది. ఆవిడ రోజూ సాయంత్రం ఓ పళ్లెంలో చిక్కుడుకాయలో, గోంగూరో పట్టుకొచ్చి మా వరండాలో కూర్చునేది. ఇద్దరూ ఒలుచుకుంటూ ఉండేవాళ్లు. మాటలు వస్తే వచ్చేవి, లేకపోతే లేదు. అమ్మ మళ్లీ వేళకి తినడం అక్కణ్నుంచే మొదలైంది.

దేవుడి మీద కోపమూ బాధే

సిసిలీ సాండర్స్ అని ఇంగ్లండులో ఓ డాక్టరు ఉండేవారు. మొదట నర్సుగా, తర్వాత ఆస్పత్రిలో సోషల్ వర్కరుగా చేసి, ఆపైన వైద్యం చదివారు. నయం కాని జబ్బులతో ఉన్నవారి కోసం 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ప్రారంభించారు. రోగి నొప్పి ఒంటికి మాత్రమే సంబంధించింది కాదనీ, మనసుదీ, కుటుంబానిదీ, ఆధ్యాత్మికమైనదీ కలిసి మొత్తం నొప్పి అవుతుందనీ ఆమె చెప్పారు. 'నాకే ఎందుకిలా?' అన్న ప్రశ్న కూడా నొప్పేనన్నమాట. నొప్పితో మూలిగేవారిని మనం కసురుకోం కదా! మరి దేవుడి మీద అలిగినవారిని ఎందుకు కసురుకుంటాం?

'అంతా దైవేచ్ఛ', 'ఆయన పుణ్యాత్ముడు, అనాయాసంగా పోయాడు', 'పిల్లల కోసమైనా ధైర్యంగా ఉండాలి'... ఇవన్నీ మంచి మనసుతో అనే మాటలే. అయితే ఈ మాటలు విన్నాక ఎదుటి మనిషికి ఏడ్చే అవకాశం ఉండదు. మగవారి పరిస్థితి మరీ ఘోరం. భార్య పోయిన పెద్దాయన నలుగురిలో కళ్లు తుడుచుకుంటే, 'మీరే ఇలా అయిపోతే ఎలా' అంటాం. ఆయన ఆ తర్వాత నలుగురిలోకి రావడమే మానేస్తాడు.

గుడి తలుపు మూయడం ఎందుకు?

మన పెద్దలు దుఃఖానికి ఏర్పాటు చేయకుండా ఏమీ వదల్లేదు. నెలనెలా మాసికం, ఏడాదికి సంవత్సరీకం. ముస్లింల ఇళ్లలో నలభయ్యో రోజు, క్రైస్తవుల ఇళ్లలో ఆదరణ కూడిక. తంతు ఏదైనా దాని వల్ల చేతికి పని దొరుకుతుంది, ఇంటికి మనుషులొస్తారు. నమ్మకం ఉన్నవారికి, లేనివారికి కూడా అది ఆసరాయే.

కానీ ఏటి సూతకం పేరుతో మనం చేస్తున్నదేమిటి? చాలా ఇళ్లలో ఏడాది పాటు గుడికి వెళ్లొద్దంటారు. పండుగ లేదంటారు. భర్త పోయిన ఆడమనిషిని పెళ్లి పందిట్లో ముందు వరుసలో కూర్చోనివ్వరు. మనిషి తోడు అత్యంత అవసరమైన ఏడాదిలోనే మనుషులుండే చోట్లన్నిటి నుంచీ ఆమెను తప్పిస్తున్నాం. దీన్ని ఆచారం అని సరిపెట్టుకోవడం నాకు చేతకావడం లేదు.

మా అమ్మకు శనివారం భజన అలవాటు. దేవుడి మీద అలిగింది కానీ, పక్కన కూర్చుని పాడే మనుషుల మీద కాదు. టీచరమ్మే వెళ్లి పూజారి గారిని అడిగింది. "గర్భగుడి సంగతి తర్వాత చూద్దాం, మంటపంలో కూర్చుంటే ఎవరికమ్మా అభ్యంతరం? తీసుకురండి" అన్నారాయన. ఇలా అడిగేవాళ్లు ఒక్కరుంటే చాలా ఆచారాలు తమంతట తామే సడలుతాయి.

తోడు సరిపోని చోట

దుఃఖం జబ్బు కాదు. అయితే అది జబ్బుగా మారే సందర్భాలున్నాయి. ఆరు నెలలు దాటినా పోయినవారి ధ్యాస తప్ప మరొకటి లేక, రోజువారీ పనులు కూడా చేసుకోలేని స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల జాబితాలో చేర్చింది. 'నేనూ పోతే బాగుండు' అన్న మాట వింటే మాత్రం ఆరు నెలలు ఆగకూడదు, ఆ రోజే పట్టించుకోవాలి. మనిషిని ఒంటరిగా వదలకూడదు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416. రోజంతా పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇంకొకటి. ఆప్తులు పోయిన రోజుల్లో ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే దిగులు వల్లేనని కొట్టిపారేయొద్దు. గుండెపోటు కావచ్చు. లేదా తీవ్రమైన మనోవేదన వల్ల గుండె కండరం తాత్కాలికంగా బలహీనపడే తకోత్సుబో సమస్య కావచ్చు. ఇది ఎక్కువగా మెనోపాజ్ దాటిన స్త్రీలలో కనిపిస్తుంది. పైకి రెండూ ఒకేలా ఉంటాయి, కాబట్టి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్తే భక్తి తక్కువైనట్టూ కాదు, గుడికి వెళ్తే మందులు అక్కర్లేనట్టూ కాదు.

మీ బంధువుల్లోనో, మీ వీధిలోనో ఈమధ్య ఎవరైనా పోయి ఉంటే, క్యాలెండర్‌లో కొన్ని తేదీలు గుర్తు పెట్టుకోండి. పన్నెండో రోజు. నెల తిరిగే రోజు. ఆ ఇంట్లో జరగని మొదటి పండుగ. వాళ్ల పెళ్లిరోజు. ఆ రోజు ఫోన్ చేయడం కాదు, వీలైతే మనిషే వెళ్లాలి. ఏం మాట్లాడాలో తెలియకపోతే ఫర్వాలేదు, ఓ అరకిలో చిక్కుడుకాయలు పట్టుకెళ్లండి.