రెండు ముక్కుల కారు



నా చిన్నతనంలో కాజీపేట స్టేషనులో రైలు ఆగగానే ఒకాయన పొడుగుకర్ర సుత్తి పట్టుకుని, పెట్టెల పక్కన నడుస్తూ ఒక్కొక్క చక్రాన్నే కొట్టేవాడు. కొట్టి, చెవి ఒగ్గి వినేవాడు. మంచి చక్రం గంటలా మోగేది. పగులున్న చక్రం చిల్లుకుండలా పలికేది. కంటికి కనిపించని పగులు ఆయన చెవికి దొరికేదన్నమాట!

ఆ సుత్తి ఆయన నాకు మొన్న మళ్ళీ జ్ఞాపకం వచ్చాడు. పక్కింటి అబ్బాయి వచ్చి, "తాతా, మా కారులో ఇంజను బొమ్మ ఉన్న పసుపు దీపం వెలిగింది. కారు బాగానే నడుస్తోంది గదా, ఏం ఫరవాలేదంటున్నాడు నాన్న. మరి బాగానే నడిచే కారులో తప్పున్నట్టు దీపానికెలా తెలిసింది?" అని అడిగాడు.

మంచి ప్రశ్న. చెబుతాను, వినండి.

ఒక కిలో పెట్రోలు సరిగా కాలాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. అయినా ఇంజనులో కొన్ని విషాలు పుట్టనే పుడతాయి: కార్బన్ మోనాక్సైడు, కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి, నత్రజని ఆక్సైడులు. అందుకని పొగగొట్టం దారిలో ఒక పెట్టె అమర్చారు. దానిలోపల తేనెపట్టు లాంటి పింగాణీ దిమ్మ, దాని మీద ప్లాటినం, పల్లేడియం, రోడియం లోహాల పలుచని పూత ఉంటాయి. పొగ ఆ కన్నాల గుండా పోయేటప్పుడు విషాలు చాలావరకు బొగ్గుపులుసు వాయువుగా, నీటి ఆవిరిగా, నత్రజనిగా మారిపోతాయి.

పెట్టె పని చేస్తున్నదో లేదో చూసేందుకు కారులోని చిన్న కంప్యూటరుకు రెండు ముక్కులున్నాయి. ఒకటి పెట్టెకు ముందు, ఒకటి వెనుక. తమాషా ఏమిటంటే, ఈ ముక్కులు విషాన్ని వాసన చూడవు! పొగలో ఆమ్లజని ఎంత మిగిలిందో మాత్రమే చూస్తాయి. కంప్యూటరు కావాలనే పెట్రోలును ఒక క్షణం కాస్త ఎక్కువ, మరుక్షణం కాస్త తక్కువ పోస్తుంది. దాంతో ముందు ముక్కు దగ్గర ఆమ్లజని ఊయలలా ఊగుతుంది. పెట్టె మంచిదైతే, పంట పండినప్పుడు గాదె నింపి కరువులో తీసి వాడుకునే రైతులా, ఎక్కువైన ఆమ్లజనిని దాచుకుని తక్కువైనప్పుడు ఇస్తుంది. అందువల్ల వెనుక ముక్కు దగ్గర ఊపు దాదాపు ఉండదు. వెనుకది కూడా ముందుదానిలాగే ఊగుతోందంటే గాదె పాడైందని అర్థం.

ఇంకొక పరీక్ష ఉంది. సిలిండరులో పెట్రోలు మండిన ప్రతిసారీ ఇంజను ఇరుసుకు ఒక తోపు తగులుతుంది. ఒక సిలిండరు మండకపోతే ఇరుసు రెప్పపాటు వెనుకబడుతుంది. మనకు తెలియకపోయినా, ఇరుసుకున్న పళ్ళచక్రాన్ని లెక్కించే కంప్యూటరుకు తెలుస్తుంది. మండని పెట్రోలు పెట్టెలోకి పోయి అక్కడ మండితే, ఆ వేడికి తేనెపట్టే కరిగిపోవచ్చు.

తొందరపడి నింద వేయడం దీనికి అలవాటు లేదు. చాలా తప్పులను రెండు ప్రయాణాల్లో చూసి నిర్ధారించుకున్న తరువాతే దీపం వెలిగిస్తుంది. ఈ ఏర్పాటును మొదట 1988 మోడలు కార్లకు కాలిఫోర్నియావారు విధించారు. 1996 నాటికి అమెరికా అంతటా మరింత కట్టుదిట్టమైన పద్ధతి వచ్చింది. మన దేశంలో భారత్ స్టేజి 4 నియమాలతో వచ్చింది. అవి 2010లో హైదరాబాదు వంటి నగరాల్లోనూ, 2017లో దేశమంతటానూ అమలయ్యాయి.

మా పక్కింటివారి సంగతి చెప్పనేలేదు గదూ! ఒక మెకానిక్కు కంప్యూటరు జ్ఞాపకాన్ని చెరిపి దీపం ఆర్పేశాడు. పలక తుడిస్తే లెక్క సరి అవుతుందా? నాలుగు రోజులకు ఫాతిమానగర్ వంతెన ఎక్కుతుండగా దీపం మళ్ళీ వచ్చింది. ఈసారి నిలకడగా కాదు, మిణుకు మిణుకుమంటూ. నిలకడగా వెలిగితే త్వరలో చూపించమని. మిణుకుమంటే పెట్టెకు ముప్పు, వేగం తగ్గించి ఆపమని. అబ్బాయి పట్టుబట్టి కారు ఆపించాడు.

మరొక మెకానిక్కు స్టీరింగు కింద ఉన్న 16 కాళ్ళ సాకెట్టుకు తన పరికరం తగిలించాడు. "పి0302" అని వచ్చింది. చివరి 2 అంటే రెండో సిలిండరు మండడం లేదని. చూస్తే ప్లగ్గు అరిగిపోయి ఉంది. ప్లగ్గు మార్చారు. వేలకు వేలు ఖరీదు చేసే పెట్టె దక్కింది. ఆ పాత ప్లగ్గు ఇప్పుడు అబ్బాయి పెన్సిళ్ళ డబ్బాలో ఉంది. బడికి తీసుకుపోయి అందరికీ చూపిస్తున్నాడట.