పైన పటారం, కింద కాయిలోవర్

రెండేళ్ళ క్రితం ఓ పాత మజ్దా మియాటా కొన్నాను. 2001 మోడలు. ఇద్దరే పట్టే, టాపు తీసేసుకునే బుల్లి కారు. బరువు వెయ్యి కిలోల పైచిలుకు, ఇంజను తిప్పేది వెనక చక్రాల్ని, నాలుగు చక్రాలకీ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్. మేముండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ శివార్లలో. వారమంతా ఎవరో రాసిన జావా కోడుకి అతుకులు వేసేవాడికి శని, ఆదివారాల్లో ఇలాంటి బొమ్మ ఒకటి ఉండాలని నా వాదన. మా ఆవిడ వాదన వేరేలెండి.

కొన్న నెలకే కాయిలోవర్ల పిచ్చి పట్టుకుంది. తెలియనివాళ్ళ కోసం: షాక్ అబ్జార్బరూ దాని చుట్టూ స్ప్రింగూ కలిపి ఒకే ముక్కగా వచ్చి, మర తిప్పి ఎత్తు మార్చుకునే వీలున్న సరంజామాని జనాలు కాయిలోవర్ అంటారు. మియాటాలో కంపెనీ వాళ్ళిచ్చిందీ స్ప్రింగు చుట్టిన షాకే. కాకపోతే దానికి ఎత్తు మార్చే మర ఉండదు.

నేను కొన్నది తొమ్మిది వందల డాలర్ల సెట్టు. నిగనిగలాడే రంగు, 32 క్లిక్కుల నాబు. ఫొటోల్లో చూసినట్టు టైరుకీ ఫెండరుకీ మధ్య వేలు దూరేంత సందు చాలనుకుని కారుని రెండంగుళాలు దించేశాను. నాబు చివరిదాకా గట్టి వైపు తిప్పేశాను. పార్కింగ్ లాట్‌లో నిలబెట్టి చూసుకుంటే, ఆహా, దూకడానికి ఒంగిన పులిలా ఉంది! ఎక్కి కూర్చుంటే మాత్రం పల్లెవెలుగు బస్సులో చివరి సీటు. స్పోర్ట్స్ కారంటే ఇంతే కాబోలని సరిపెట్టుకున్నాను.

అక్టోబరులో ఓ ఆదివారం, చిన్న వాన. ఫ్రీవే దిగే వంపు ర్యాంపు మీద ఉన్నాం. స్పీడు మామూలే, ఒట్టు. వంపు మధ్యలో కాంక్రీటు పలకల అతుకు ఒకటుంది. దాని మీద ఠప్పుమని శబ్దం, మరుక్షణం కారు వెనక భాగం పక్కకి జారింది. స్టెబిలిటీ కంట్రోల్ లేని కారు. స్టీరింగు ఎదురు తిప్పి ఎలాగో దారిలో పెట్టాను. మా వెనకే ఓ పెద్ద ట్రక్కు. మా ఆవిడ ఇల్లు చేరేదాకా మాట్లాడలేదు. చేరాక ఒకటే అడిగింది: "ముందు బానే ఉంది కదా, డబ్బులిచ్చి నువ్వు మార్చిందేంటి?"

నా దగ్గర జవాబు లేదు. ప్రొడక్షన్లో ఏదో మార్చి, ఏం మార్చావంటే నీళ్ళు నమిలే జూనియర్ పరిస్థితి నాది.

తర్వాత కూర్చుని చదివితే, కొలిస్తే తెలిసింది. షాక్ కడ్డీ కదలడానికి లోపల కొంత చోటుంటుంది. ఆ చోటు అయిపోవస్తుంటే బంప్ స్టాప్ అనే నురుగు ముక్క అడ్డుపడుతుంది. ఈ తరం మియాటాలో ఆ చోటు అసలే తక్కువ, నేను దాన్ని సగం మింగేశాను. వంపులో బయటివైపు చక్రం అప్పటికే పైకి నొక్కుకుని ఉంటుంది. దాని మీద అతుకు తగిలేసరికి బంప్ స్టాప్ పూర్తిగా నలిగి రాయిలా అయింది. వెనక భాగం ఒక్కసారిగా బిగుసుకుపోయింది. తడి రోడ్డు మీద ఆ టైరు ఇంక పట్టుకోలేక వదిలేసింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే.

గట్టిగా తిప్పిన నాబు కూడా ఇందులో దోషే. స్ప్రింగు శక్తిని దాచుకుంటుంది, డాంపరు దాన్ని మింగుతుంది. డాంపర్‌ని తిరుగు ప్రయాణంలో మరీ బిగిస్తే, ఒక గతుకుకి పైకెళ్ళిన చక్రం రెండో గతుకు వచ్చేలోపు పూర్తిగా కిందికి రాదు. మూడో గతుకుకి ఇంకా పైన ఉంటుంది. అంటే వరస గతుకుల మీద కారు తనంతట తనే మరింత దిగిపోతుంది. ఉన్న కాస్త చోటూ అలా పోయిందన్నమాట.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్తాను. రోడ్డు మీద తిరిగే కారుకి కాయిలోవర్ కొనేది దించడానికి కాదు. ఎత్తు మార్చే మర అందులో అన్నిటికన్నా చవకైన భాగం. మీరు డబ్బు పెట్టాల్సింది డాంపరు లోపల ఉన్నదానికి. క్లిక్కులు ఎన్నని కాదు, షాక్ డైనో మీద ప్రతి సెట్టింగుకీ ఎంత బలం వస్తుందో గ్రాఫు ఉందా అని అడగండి. గ్రాఫు లేని 32 క్లిక్కులు డాక్యుమెంటేషన్ లేని కాన్ఫిగ్ ఫైలుతో సమానం. పైగా ఒకే నాబున్న చాలావాటిలో పైకెళ్ళేటప్పటి బిగువూ, కిందికొచ్చేటప్పటి బిగువూ విడివిడిగా మార్చలేం.

స్ప్రింగు సంగతి. "ఎనిమిది కేజీ స్ప్రింగు" అంటే ఒక మిల్లీమీటరు నొక్కడానికి ఎనిమిది కేజీలు కావాలని. అయితే స్ప్రింగు చక్రం దగ్గర ఉండదు, విష్‌బోన్ మీద లోపలికి ఉంటుంది. నా కారు ముందు భాగంలో ఆ నిష్పత్తి సుమారు 0.7, దాని వర్గం దాదాపు సగం. కాబట్టి చక్రం దగ్గర ఎనిమిది నాలుగవుతుంది. ఒక్కో మూల స్ప్రింగు మోసే బరువు 235 కేజీలనుకుంటే కారు ఊగే వేగం సెకనుకి రెండుసార్లు పైన, అంటే రెండు హెర్ట్జ్ దాటింది. మామూలు కార్లు ఒకటి, ఒకటిన్నర దగ్గర ఉంటాయి. రెండు దాటితే నున్నటి ట్రాక్‌కి బాగుంటుంది, మంచుకి పగిలిన మిషిగన్ రోడ్లకి కాదు. ఆరు కేజీ స్ప్రింగైతే 1.8 లోపే. ఈ లెక్క కొనకముందు పది నిమిషాల్లో చెయ్యొచ్చు. ఇంజనీరింగ్ మొదటి ఏడాది ఫిజిక్సే. మనం పరీక్ష రాసి వదిలేశాం, అంతే.

ఇంకో అపోహ: స్ప్రింగు కింద కాలర్ బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందని. మామూలు లీనియర్ స్ప్రింగు గట్టిదనం మారదు, కారు పైకి లేస్తుంది, అంతే. కాలర్ దించితే చోటు పోతుంది. షాక్ పొడవుని కింది నుంచి విడిగా మార్చుకునే రకాల్లో కడ్డీ చోటు పోదు గానీ, టైరు లోపల ఎక్కడా రాసుకోకుండా చూసుకోవాలి.

పోయిన ఏడాది పాత సెట్టు తీసేసి, గ్రాఫులిచ్చిన సెట్టు రెట్టింపు ధరకి పెట్టించాను. ముందు ఆరు, వెనక నాలుగు. ఎత్తు చక్రం మధ్య నుంచి ఫెండరు అంచుకి ముందు 13 అంగుళాలు, కంపెనీ ఎత్తుకి ఓ అంగుళం తక్కువ. బిగించేటప్పుడు విష్‌బోన్ బోల్టులు వదులు చేసి, కారు బరువు చక్రాల మీద పడ్డాకే బిగించాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు బుష్షులు ఎప్పుడూ మెలిపడి ఉండి తొందరగా చిరిగిపోతాయి. తర్వాత డ్రైవరు సీట్లో నా బరువుకి సరిపడా బస్తాలు పెట్టి నాలుగు చక్రాల కిందా త్రాసులు. నులక మంచానికి ఒక కోడు పొట్టిదైతే ఎలా కుంటుతుందో, ఒక మూల కాలర్ ఎక్కువ తిప్పితే కారూ అంతే: ఎడమ మలుపుకీ కుడి మలుపుకీ తేడా వస్తుంది. ఎదురెదురు మూలల బరువుల మొత్తం చెరి సగం దగ్గరికి తెచ్చి, అప్పుడు అలైన్‌మెంట్, చివర్లో హెడ్‌లైట్ల ఎత్తు. అన్నట్టు చలికాలం ఇక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మరల్ని కడిగి గ్రీజు పెట్టకపోతే వసంతానికి కాలర్లు తుప్పుతో అతుక్కుపోతాయి.

ఒక చిట్కా కూడా. షాక్ కడ్డీకి చిన్న ప్లాస్టిక్ టై కట్టి, రోజూ తిరిగే దారిలో ఓ చుట్టు వెళ్ళి రండి. అది ఎక్కడిదాకా జరిగిందో చూస్తే ఎంత చోటు వాడుకున్నారో తెలిసిపోతుంది. పది సెంట్ల లాగింగ్ :) నాబు మార్చినా ఒకసారి ఒకటే మార్చి, పుస్తకంలో రాసుకుని, అదే దారిలో అదే స్పీడులో పరీక్షించండి. ఆఫీసులో మనం ఇదే చెప్తాం. ఇంటికొచ్చాకే మర్చిపోతాం.

హైదరాబాదు మిత్రులు అడుగుతుంటారు, మేమూ వేయించుకోవచ్చా అని. మన స్పీడ్ బ్రేకర్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు. దానికితోడు కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ నుంచి వాహనాన్ని మార్చడం మీద 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆంక్షలుంటాయి. ముందు మంచి టైర్లు, సరైన అలైన్‌మెంట్, అరిగిన షాకుల బదులు కొత్తవి. చాలామందికి అక్కడితో తీరిపోయే ముచ్చట ఇది.

ఆ ర్యాంపు మీద మొన్న మళ్ళీ దిగాం. వానే, అదే అతుకు. కారు ఓసారి ఊగి సర్దుకుంది. మా ఆవిడ ఫోన్లోంచి తలెత్తలేదు. ఇన్ని నెలల తర్వాత నా పనికి వచ్చిన సర్టిఫికెట్ అదే. కాకపోతే మొదటి తొమ్మిది వందల డాలర్లు ఎక్కడికెళ్ళాయని తను ఇప్పటికీ అడుగుతూనే ఉంది. ఏం చెప్పమంటారు?