గౌలిపుర గృహస్థులారా, పెరటి మన్ను కప్పకుడు!

బోనాలకు ఇల్లు బాగుచేయుదమను నెపమున మొన్న మా వీధిలో ఒక గృహస్థుడు పెరటి కరివేపచెట్టును వేళ్లతో పెకలించి, నేలంతయు సిమెంటు పోయించెను. ఆ చెట్టు కొమ్మపై ఒక సీతాకోకచిలుక గొంగళి పెరుగుచుండెను. ఎదురింటి బాలుడు సెల్‌ఫోనునకు తగిలించిన చిన్న కటకముతో దానిని చిత్రించి ముందునాడే మాకు చూపియుండెను. పసితనమున పిట్టరెట్టను పోలిన మచ్చలతో పక్షుల కన్నుగప్పి, పెరిగినపిమ్మట లేతాకు వన్నె దాల్చు ఆ జీవి, వ్రేలు తాకినంతనే తలవెనుకనుండి ఎర్రని జంటకొమ్ములు వెలికి జాచిన క్షణము ఆ చిత్రమున నిలిచినది. ఘాటైన వాసన మాత్రము బాలుని వ్రేలికే దక్కెను.

దగ్గరగా చూచుట ఈ నగరమునకు క్రొత్త విద్య కాదు. ఆరవ నిజాము కొలువున రాజా దీన్‌దయాళ్ ప్రాసాదములను, వేటలను చిత్రించి యశస్సు గడించెను. ప్రాసాదములు లేని మనకు పెరళ్లున్నవి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ పొట్టను సూక్ష్మదర్శిని క్రింద పెట్టి అందు మలేరియా పరాన్నజీవిని కనుగొనెను. ఆ కృషికే 1902లో నోబెల్ బహుమానము నందెను. ఆయన దోమను చూచెను. మనము చూడకయే పొగ పెట్టుచున్నాము.

ఆ పొగయే నా అసలు కోపము! సందెవేళ సందులో దోమలమందు పొగ చిమ్ము యంత్రము ఘోషించినదే తడవుగా తలుపులు తెరచి, "మా పెరట్లోనూ కొట్టు బాబూ" యని బతిమాలి పిలుచుకొను అవివేకమునకు ఏమి పేరు పెట్టుదుము? ఆ పొగ ఎగురు దోమను చంపును గాని నీటిలోని పిల్లపురుగును ముట్టదు. డెంగీని దెచ్చు దోమ మన డ్రమ్ములలో, కూలర్లలో, పూలకుండీల పళ్లెములలో నిలిచిన తేటనీటనే పుట్టి, వారము పది దినములలో మరల రెక్కలు విప్పును. ఆ మందునకు దోమ యనియు తేనెటీగ యనియు భేదము లేదు. దోమలను పట్టి తిను తూనీగను, గోడపై గెంతుచు వేటాడు సాలీడును మన చేతులార చంపుకొనుచున్నాము. ఆ సాలీడును ఒక్కమారు కటకములో చూడుడు: ఎనిమిది కన్నులలో ముందరి రెండు పెద్దవి, నల్లని అద్దములు, వానిలో మీ కిటికీ చువ్వలే మెరయుచుండును. చూచినవాడు దానిపై మందు కొట్టించడు.

పెరట మన్నుంచిన పాములు వచ్చునందురా? అవి చెత్తలోని ఎలుకలకై వచ్చును, మన్నుకై కాదు. కెమెరా కొనలేమందురా? ఫోను కటకము చాలును. ఎండ ముదురకముందు, పురుగులింకను మందకొడిగా నున్నవేళ, ఊపిరి బిగబట్టి ఫోనును వెంట్రుకవాసి ముందునకు వెనుకకు జరుపుచు పురుగు కంటిని స్పష్టముగా పట్టుటయే పని. అంత దగ్గర కన్ను కుదిరిన కాలు కుదరదు, కాలు కుదిరిన కన్ను మసకబారును. ఇక బోనపుకుండకు వేపమండలు బజారున కొని, ఇంటి వేపను నరికించు భక్తిని గూర్చి నేనేమియు అనను, అమ్మవారే చూచుకొనును.

కావున అమ్మలారా, అయ్యలారా, చాపెడు నేలనైన మన్నుగా నుంచి అందొక కరివేపయో నిమ్మయో నాటుడు. వారమున కొకనాడు నిలువనీరు పారబోయుడు. పొగయంత్రమును గుమ్మముకడనే ఆపుడు. పిల్లలచే పెరటి ప్రాణులను చిత్రింపజేసి, ఆ చిత్రములను వీధిమొగమున గోడకు అంటింపుడు. సిమెంటు పోయనెంచినవారు మేస్త్రీకి బయానా ఇచ్చుటకు ముందు ఆ గోడకడకు వచ్చి చూచి పొండు.