స్నానానికో కుర్చీ

లాడ్జీలో లిఫ్టు ఉంది. మెట్ల పక్కన ర్యాంపు ఉంది. మోకాళ్లకు ఆపరేషన్ చేయించుకున్న తల్లిని యాత్రకు తీసుకొచ్చిన కొడుకు ఇవన్నీ విచారించుకున్నాకే గది తీసుకున్నాడు. తీరా స్నానాల గది తలుపు తెరిచి చూశాక కౌంటర్‌కు ఫోన్ చేయక తప్పలేదు.

"కూర్చుని స్నానం చేయడానికి కుర్చీ ఏమైనా ఉందా?"

"వీల్‌చైర్ కావాలా సార్?"

"కాదు, బాత్‌రూములో వేసుకునేది."

"మనది వెస్టర్న్ టాయిలెట్టే సార్."

కాసేపటికి రూమ్‌బాయ్ ఎర్రటి ప్లాస్టిక్ స్టూలు పట్టుకొచ్చాడు. యాత్రా స్థలాల్లోనే కాదు, వెల్లూరులా వైద్యం కోసం జనం తరలివచ్చే ఊళ్లలోనూ ఈ సంభాషణ నడుస్తూనే ఉంటుంది. భాష మారుతుందేమో కానీ చివరికి వచ్చేది చాలాచోట్ల ఆ స్టూలే.

అడిగింది పెద్ద యంత్రమేమీ కాదు. అల్యూమినియం కాళ్లు, వాటి చివర జారకుండా రబ్బరు తొడుగులు, నీళ్లు నిలవకుండా చిల్లులున్న సీటు, మనిషిని బట్టి ఎత్తు మార్చుకునే వీలు. చేతులు, వీపు ఆనించుకునే పలక ఉంటే మరీ మంచిది. బరువు మూడు నాలుగు కిలోలు. ఓ మాదిరిది రెండు మూడు వేల రూపాయలకే దొరుకుతుంది. గదిలో గోడకు వేలాడే టీవీ ధర ముందు అదెంత?

స్టూలుతో వచ్చిన చిక్కేమిటంటే, తడిసిన టైల్స్ మీద సబ్బు నీళ్లు పడ్డాక దాని కాళ్లు పక్కలకు జారతాయి. పైగా పొట్టి. దాని మీద కూర్చోవడం ఒక ఎత్తు, లేవడం మరో ఎత్తు. లేచేటప్పుడు చేతికి అందేవి కుళాయి, టవల్ తగిలించే కడ్డీ. ఆ రెండూ మనిషి బరువు మోయడానికి బిగించినవి కావు. దెబ్బతిన్నవాళ్లు క్యాంటీన్ నుంచి చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ తెప్పించుకుని గోడ మూలకు ఆనించి వేసుకుంటారు. ఉన్నంతలో అది నయం. అయితే అది గుమ్మంలో పట్టాలి. మామూలు లాడ్జీల్లో స్నానాల గది తలుపు చాలాసార్లు రెండు, రెండున్నర అడుగులే. ఆపై నీళ్లు బయటికి రాకుండా కట్టిన గడప ఒకటి.

తెలుగిళ్లలో స్నానానికి పీట ఉండేది. పండగ పూట పిల్లల్ని కూర్చోబెట్టి తలంటేది దాని మీదే. కానీ పీట మోకాళ్లు వంగే వాళ్ల కోసం. వంగని వాళ్లకు కావలసినదానికి ఇంకా పేరే స్థిరపడలేదు. మందుల దుకాణంలో అడిగితే కమోడ్ కుర్చీ చూపిస్తారు. అడుగున ఉన్న గిన్నె తీసేస్తే అదీ పనికొస్తుంది, చక్రాలు లేనిదైతేనే. హైదరాబాద్‌లో కోఠీ సర్జికల్ దుకాణాల దాకా వెళ్లగలిగితే సరే. పరాయి ఊళ్లో రెండు రోజుల మజిలీలో ఎక్కడని వెతకాలి? ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే అది వచ్చేసరికి తిరుగు రైలెక్కే వేళవుతుంది.

ఇది కొద్దిమంది గొడవ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో కదలడానికి ఇబ్బందిపడే వికలాంగులే 54 లక్షలు. అరవై దాటినవాళ్లు 10 కోట్ల పైనే. చట్టాలకూ కొదవ లేదు. 1995లో ఒకటి, దాని స్థానంలో 2016లో మరొకటి వచ్చాయి. సుగమ్య భారత్ ప్రచారం 2015 డిసెంబర్ 3న మొదలైంది. వికలాంగులు దివ్యాంగులయ్యారు. హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయ అధ్యయన కేంద్రం ఇచ్చిన నివేదికను చూశాక, సదుపాయాల ప్రమాణాలను సలహాలుగా వదిలేయకుండా తప్పనిసరి నిబంధనలు తేవాలని సుప్రీంకోర్టు 2024 నవంబర్‌లో కేంద్రాన్ని ఆదేశించింది. హోటళ్లకు నక్షత్రాలిచ్చే పర్యాటక శాఖ మార్గదర్శకాల్లోనూ వెడల్పాటి తలుపు, పట్టుకునే కడ్డీల ప్రస్తావన ఉంది. కాకపోతే నక్షత్రాలు కోరడం, మానడం హోటల్ ఇష్టం. సత్రానికీ బస్టాండ్ ఎదుటి లాడ్జీకీ ఆ బాదరబందీయే లేదు.

అధికారుల చూపు కట్టడం మీద. ర్యాంపుకు టెండరుంటుంది, ప్రారంభోత్సవం ఉంటుంది. కుర్చీకి అవేవీ లేవు. పేద వృద్ధుల కోసం 2017 ఏప్రిల్ 1న నెల్లూరులో ప్రారంభించిన రాష్ట్రీయ వయోశ్రీ పథకం తొలి జాబితాలో చేతికర్ర నుంచి కట్టుడు పళ్ల దాకా ఉన్నాయి కానీ స్నానపు కుర్చీ లేదు. నిజానికి లాడ్జీ గోడ ఒక్కటీ పగలగొట్టనక్కర్లేదు. ఇస్త్రీ పెట్టె అడిగితే పైకి పంపినట్టే, కౌంటర్ వెనక రెండు కుర్చీలు ఉంచి అడిగినవాళ్లకు పంపితే చాలు.

అది లేనప్పుడు భారం పడేది వెంట వచ్చినవాళ్ల మీద. తండ్రి అయితే కొడుకు లోపలికి వెళ్లి సాయం పట్టొచ్చు. తల్లి అయితే తలుపు బయట నిలబడి "అమ్మా, పట్టుకున్నావా?" అని అడగడమే. తలస్నానం చేయనిదే దర్శనానికి వెళ్లకూడదన్నది ఆమె పట్టింపు. అంత దూరం వచ్చింది అందుకే. ఆ ఉదయం ఆమె స్టూలు వంక ఒకసారి, తడి నేల వంక ఒకసారి చూసి, వేడినీళ్లలో తువాలు ముంచి ఒళ్లు తుడుచుకుంది. తలకు నాలుగు చుక్కలు చిలకరించుకుని, "దేవుడికి తెలుసులే, పద" అంది.