కుట్టుపని: బండలెక్కు బాలికలకు లాగు

తెలంగాణ బాలిక మాలావత్ పూర్ణ భువనగిరి బండపై శిక్షణ పొంది, 2014లో ఎవరెస్టు శిఖరము నెక్కినది. మన పిల్లలును బండ లెక్కుదుమన్నచో, బట్టలు చినుగునను భయమున వారి నాపవలదు.

లాగు చినుగుట పలుమారు గుడ్డ దోషము కాదు. తొడల నడుమ నాలుగు కుట్లు ఒక్కచోట కలియుటయే కారణము. పైజామాకువలె అచ్చట, కుట్టుకు విడిచినది గాక 4 అంగుళముల చదరపు ముక్కను మూలవాటుగా నమర్చినచో, బిగువు నలువైపులకు పోవును. కాలును స్వేచ్ఛగా కదలును. గట్టి నూలుగుడ్డను ముందుగా తడిపి యారవేసి కత్తిరింపుడు. లేనిచో ఉదికినప్పుడు కుంచించుకొనిపోవును. మోకాళ్లకు లోపల రెండవ పొర వేసి, కుట్లన్నియు రెండు వరుసలుగా వేయుడు.

తొడిగించి, మోకాలు నడుమువరకు నెత్తింపుడు. ఎచ్చటను పట్టకున్నచో లాగు కుదిరినట్లే. అది బండకును, బడికిని, ఇంటిపనికిని తగును.