పూచీ బ్యాంకుకు, అప్పు మనకు

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో చిన్న ప్రింటింగ్ ప్రెస్ మన కుటుంబాలకు అనువైన వ్యాపారం. పెళ్లి కార్డులు, బిల్లు పుస్తకాలు, సహర్-ఇఫ్తార్ వేళల పట్టికలు, బ్యానర్లు - వీటి అవసరం ప్రతి పట్టణంలోనూ ఉంది. తెలుగు, ఉర్దూ రెండూ చదవగలగడం మన యువకులకు అదనపు బలం. కావలసింది పెట్టుబడి. అందుకోసం "సర్కారీ లోన్" వైపు చూడడం సహజమే. అయితే సంతకం చేసే ముందు ఆ లోన్ అసలు స్వరూపం తెలుసుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది.

2015 ఏప్రిల్ 8న ప్రారంభమైన ప్రధానమంత్రి ముద్ర యోజనలో 'శిశు' పేరిట 50 వేల రూపాయల వరకు, 'కిశోర్' పేరిట 5 లక్షల వరకు, 'తరుణ్' పేరిట 10 లక్షల వరకు బ్యాంకులు అప్పు ఇస్తాయి. ఇల్లు, బంగారం తాకట్టు పెట్టకుండానే ఇంత సొమ్ము దొరకడం చిన్న విషయం కాదు. దీని వెనుక ప్రభుత్వం ఏర్పాటు చేసిన పూచీ నిధి ఉంది.

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. ఆ పూచీ బ్యాంకుకే గాని అప్పు తీసుకున్నవారికి కాదు. వాయిదాలు ఆగిపోతే బ్యాంకు నష్టంలో కొంత భాగం ఆ నిధి నుంచి వస్తుంది. అంతమాత్రాన మన బాకీ మాఫీ కాదు. వసూళ్ల ఒత్తిడి తప్పదు, సిబిల్ రికార్డు చెడిపోతుంది. రేపు పిల్లల చదువుకు లోన్ అడిగినా ఆ రికార్డే ముందుకు వస్తుంది.

సబ్సిడీ సంగతీ అంతే. 2008లో వచ్చిన ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమంలో మైనారిటీలకు పట్టణాల్లో 25 శాతం, గ్రామాల్లో 35 శాతం సబ్సిడీ నిర్ణయించారు. కాని ఆ సొమ్ము చేతికి రాదు. 3 ఏళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తున్నదని తేలాకే అప్పు ఖాతాకు జమ అవుతుంది. కమీషన్ అడిగే దళారులు ఈ మాట చెప్పరు. ముద్ర లోన్లకు ఏజెంట్లను ఎవరూ నియమించలేదన్నది గమనార్హం.

ఇక వ్యాపారం చూద్దాం. పెళ్లిళ్లు, ఎన్నికల రోజుల్లో ప్రెస్‌కు ఊపిరి సలపని పని ఉంటుంది. మిగతా నెలల్లో అలా ఉండదు. వాయిదా మాత్రం ప్రతి నెలా కట్టాలి. 100 మైక్రాన్ల కంటే పలుచని ప్లాస్టిక్, పీవీసీ బ్యానర్లను కేంద్రం 2022 జూలై 1 నుంచి నిషేధించింది. ఫ్లెక్సీ మిషన్ కోసం పెద్ద అప్పు చేసేవారు దీన్ని మరువరాదు. కాగితం పేరుతోనే వెలసిన కాగజ్‌నగర్‌లో సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో మూతపడి 2018లో గాని తెరుచుకోలేదు. ఆ మిల్లుకు కొత్త యాజమాన్యం, సర్కారు రాయితీలు దొరికాయి. వీధి చివరి ప్రెస్‌కు అవి దొరుకుతాయా?

ఈ అప్పులపై వడ్డీ ఉంటుందన్నది మన ఇళ్లలో కలవరపెట్టే మరో విషయం. దీన్ని దాచుకోకుండా ఆలిములను అడిగి తెలుసుకోవాలి. ఒకరి సొమ్ము, మరొకరి శ్రమతో లాభం పంచుకునే ముదారబా పద్ధతి మనకు ఉండనే ఉంది. బంధువులు నలుగురు కలిస్తే సెకండ్‌హ్యాండ్ మిషన్‌తోనైనా పని మొదలుపెట్టవచ్చు.

అప్పు తప్పనిసరైతే మేము చెప్పేది ఒక్కటే. పని లేని నెలలో ఎంత వస్తుందో, వాయిదా ఎంతో ముందే కాగితంపై పెట్టండి. ఆ నెలలో కట్టగలిగినంత అప్పే తీసుకోండి. బాకీని రాసి పెట్టుకోమని దివ్య ఖుర్ఆన్ (2:282) ఆదేశించింది. ఊరివారి లెక్కల పుస్తకాలు అచ్చువేసే ఇంట్లో సొంత లెక్క లేకపోవడం శోచనీయం.